విరిగిన పోగుల లెక్క

సార్ పోయారని నాకు ఎవరూ చెప్పలేదు. ముందు ఈ సంగతి రాయాలి. ఆయన దగ్గర పనిచేసిన వాళ్లందరికీ ఫోన్లు వెళ్లాయి, నాకు రాలేదు. దినాలు కూడా అయిపోయాక, మచిలీపట్నం బస్టాండులో నిలబడి ఉంటే ఎదురుగా ప్రహరీకి కట్టిన ఫ్లెక్సీలో ఆయన ముఖం కనబడింది. నవ్వుతున్న ముఖం. ఆ ఫోటో ఎక్కడ సంపాదించారో గాని, ఏదైనా విరిగినప్పుడు తప్ప ఆయన నవ్వడం నేను చూడలేదు. ఫోటో కింద పెద్ద అక్షరాలతో ‘శాంతమూర్తి’ అని వేయించారు.

గుడివాడ బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను ఆ మాటనే చూస్తూ నిలబడ్డాను.

కొన్నాళ్లకు ఒక ఫోన్ వచ్చింది.

“ఘంటసాల మేడమ్ గారేనా అండీ?”

“నాకు పేరుంది,” అని చెప్పాను, పేరు కూడా చెప్పాను.

“కాస్త గట్టిగా చెప్పండి మేడమ్. నాకు ఒక చెవి సరిగా వినబడదు.”

మళ్లీ చెప్పాను. అతను నేను కాలేజీ వదిలాక సార్ దగ్గర ఎమ్‌టెక్ చేసినవాడట. ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగం. పాత విద్యార్థులంతా కలిసి సార్ పేరున సంస్మరణ సంచిక వేస్తున్నారట.

“ఒక్క పేజీ రాసివ్వండి మేడమ్. మంచి జ్ఞాపకం ఏదైనా. పోయినాయన గురించి కదా, చేదు విషయాలు వద్దనుకున్నాం అందరం.”

“అందరం అంటే ఎవరెవరు?”

“అంటే... కమిటీ అండీ.”

“ఆ కమిటీలో నన్నెందుకు వేసుకోలేదు?”

“ఒక్క పేజీ చాలు మేడమ్,” అన్నాడు. ఆ ప్రశ్న వినబడని చెవిన పడిందేమో అనుకుని ఇంకోసారి అడిగాను. మళ్లీ అదే మాట. సరే, రాస్తానన్నాను. రాసింది ఇదే.

సార్‌ది చిలకలపూడి. వాళ్ల నాన్న రోల్డుగోల్డు గాజులు చేసేవాడు. రాగి మీద పల్చటి బంగారు పూత, అంతే ఆ కుటుంబానికి తెలిసిన విద్య. పూత ఎక్కడైనా బుడగలా లేచిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికో ఒకరికి దెబ్బలు ఖాయం. రాగి తీగతో కొట్టేవాడట. సార్ ఎడమ మోచేతి మీద తీగ చుట్టినట్టు ఒక మచ్చ ఉండేది. దాన్ని దాచుకునేవారు కాదు. చొక్కా చేతులు పైకి మడిచి, అందరికీ కనబడేలా బల్ల మీద ఆనించేవారు. “మా నాన్న పూత వేస్తే మనవరాలి పెళ్లికి కూడా మెరిసేది,” అనేవారు. కొట్టిన సంగతీ అదే గొంతుతో, అంతే గర్వంగా చెప్పేవారు.

ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. ఏది దొరికితే దాన్ని విరిచేవారు. చాక్‌పీసు, పెన్ను మూత, టీ కొట్లో ప్లాస్టిక్ చెంచా. ఎదుటివాళ్ల చెవి దగ్గరగా పెట్టి టక్కున విరిచి, వాళ్లు ఉలిక్కిపడితే నవ్వేవారు. “విరిస్తే గాని తెలియదు,” అనేది ఆయన మాట. విద్యార్థుల విషయంలోనూ అదే అనేవారు.

గుడివాడ దగ్గర ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన మా విభాగానికి పెద్ద. ఢిల్లీలో ఒక కార్యాలయం ఇచ్చిన ప్రాజెక్టు ఒకటి ఆయన చేతిలో ఉండేది. తొంభైల నడిమి సంవత్సరాలవి. అందులో పనికి చేరడానికి మా ఊరు ఘంటసాల నుంచి వెళ్లాను నేను. వెళ్లగానే, కూర్చోమని కూడా అనకుండా, నా చేతిలో సన్నటి గాజు కడ్డీ ఒకటి పెట్టారు.

“వంచమ్మా.”

వంచాను. విల్లులా వంగింది గాని విరగలేదు. అది లాక్కుని, చిన్న ఆకురాయితో ఒకచోట సన్నగా గీత గీసి మళ్లీ ఇచ్చారు.

“ఇప్పుడు వంచు.”

కాస్త వంచానో లేదో గీత పడిన చోటే పటుక్కుమని విరిగి, ఒక ముక్క నా అరచేతిలో దిగింది. రక్తం కారింది. ఆయన నవ్వారు.

“చూశావా? బలం లోపల ఉండదు, పైన ఉంటుంది. ఒంటి మీద గీత పడిందా, అయిపోయినట్టే. అందుకే పూత వేయాలనేది. ఆ రక్తం బల్ల మీద పడనీకు.”

నేను చెయ్యి పైకెత్తి పట్టుకుని, “నేను యూనివర్సిటీలో ఫస్టు వచ్చానండీ,” అన్నాను.

“ఎవరడిగారు? నీ వేళ్లు సన్నగా ఉన్నాయి. అందుకే తీసుకున్నా.”

ఈ మాట నేను మర్చిపోలేదు. ఇంకొన్ని కూడా మర్చిపోలేదు. అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. ‘ఏమ్మా ఘంటసాలా’ అనేవారు, బస్సు కండక్టరు ఊరి పేరు అరిచినట్టు. అందరికీ కప్పుల్లో టీ ఇచ్చి నాకు స్టీలు గ్లాసులో ఇచ్చేవారు. విభాగం ఫొటోలో నన్ను చివర నిలబెట్టారు. ఫ్రేము కట్టేటప్పుడు నా భుజమూ సగం ముఖమూ పోయాయి.

పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పింగాణీ అనగానే మనకు కప్పూ సాసరూ గుర్తొస్తాయి. అదే జాతి మట్టిని పోగుగా తీస్తే వెంట్రుక కన్నా సన్నగా, తెల్లటి పట్టులా ఉంటుంది. ఇనుము మెత్తబడే వేడిలోనూ కాలిపోదు. కానీ అంత వేడిలో దాని చుట్టూ ఉండే గాలీ, లోహమూ దాని ఒంటిని కొరికేస్తాయి. అందుకని ముందే ఆ పోగును ఒక ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, కరెంటు కొలిమిలో కాల్చి పైన ఒక పూత ఎక్కిస్తారు. పూత కాపాడుతుంది, నిజమే. కానీ పూత వేసిన తర్వాత పోగు బలం పెరుగుతుందా, తగ్గుతుందా? మేము తేల్చాల్సింది అది.

సార్ మనసులో అది ఎప్పుడో తేలిపోయింది. పెరగాలి. స్టాఫ్ రూములో ఒక సివిల్ లెక్చరరు ఏదో పెళ్లిలో పెట్టిన నగల గురించి చెబుతూ, “అంతా చిలకలపూడి సరుకేలెండి, పైన పటారం,” అని నవ్వాడు. సార్ లేచి వెళ్లి అతని కళ్లజోడు ముఖం మీదనే పగలగొట్టారు. కనుబొమ చీలింది. “పూతంటే మోసమనుకుంటున్నావా? పూత లేకపోతే నీ ఇంట్లో తపేలా కూడా నిలవదురా!” అంటూ ఇంకో దెబ్బ వేయబోతే నలుగురూ పట్టుకున్నారు. ప్రాజెక్టు ఆయనకు ఎందుకంత ప్రాణమో నాకు ఆ రోజు తెలిసింది.

పోగుల పని కోసం గదిలో ఫ్యాన్లు ఆపేయాలి, గాలికి పోగులు ఎగిరిపోతాయి. రోహిణీ కార్తెలో, తలుపులు మూసిన గదిలో, నల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుని, సార్ చిలకలపూడి నుంచి తెచ్చిన సన్నటి చిమటాలాంటి కంసాలి శ్రావణంతో ఒక్కొక్క పోగునూ విడదీయాలి. కిటికీలా కోసిన అట్టముక్కకు అడ్డంగా ఆ పోగును జిగురుతో అంటించాలి. తర్వాత ఆ అట్టను యంత్రానికి బిగించి, అంచులు కత్తిరించి, పోగు తెగేదాకా లాగాలి. ఎంత బలానికి తెగిందో రాసుకోవాలి.

ల్యాబులో అటెండరు వెంకన్నది నాగాయలంక, సముద్రం మీద బతికిన కుటుంబం. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయి గుమ్మంలో నిలబడి, “మేడమ్‌గారండీ, మా ఊళ్లో చేపల్ని ఇలాగే ఎండబెడతామండీ. కాకపోతే వాటికి గాలన్నా తగుల్తాదండీ,” అనేవాడు.

పూత కాల్చాక కొన్ని పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. విడదీయబోతే చాలా విరిగేవి. విరిగినవాటిని అరచేతి అంచుతో నల్లగుడ్డ మీంచి కిందికి తోసేయడం అక్కడి అలవాటు. ‘చేతిలో పాడైనవి’ అనేవారు వాటిని. సార్ నేర్పిందే అది. విరగకుండా మిగిలినవే యంత్రానికి ఎక్కేవి. అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. పూత వేయని పోగు కన్నా వేసిన పోగు గట్టిదని తేలింది. ఆ సాయంత్రం సార్ అందరికీ పునుగులు తెప్పించారు. నా వంతు వచ్చేసరికి చట్నీ అయిపోయింది.

నాకు మాత్రం ఆ అంకెలు రుచించలేదు. పూత లేని పోగుల్ని విడదీసేటప్పుడు ఎప్పుడో ఒకటి విరిగేది. పల్చటి పూత వేసినవి ఇంకాస్త ఎక్కువ. మందంగా వేసినవైతే శ్రావణం తగలగానే విరిగేవి. అయినా యంత్రం దగ్గర అన్నిటికన్నా పెద్ద అంకెలు ఆ మందం పూతవే! ఎందుకో కొన్నాళ్లు చూసే సరికి అర్థమైంది. బలహీనమైనవన్నీ నా చేతిలోనే చచ్చిపోతున్నాయి. చావనివాటినే లెక్కపెట్టి, అన్నీ గట్టివే అంటున్నాం.

సార్‌తో చెప్పాను. “నీ చేతులు వణుకుతున్నాయి, సరిగా చేయి,” అన్నారు.

నేను పట్టు వదిలే మనిషిని కాను. విరిగిన పోగుల్ని ఊడవవద్దని, ఒక ఖాళీ సీసాలో వేసి ఉంచమని వెంకన్నకు చెప్పాను. సీసా నిండుతుండగా సార్ కంటపడింది. ఆయన కొలిమి తలుపు దగ్గర, చేతిలో పట్టకారుతో ఉన్నారు. అప్పుడే లోపలి నుంచి తీసిన పట్టకారు.

“ఈ చెత్త ఎవడు దాచమన్నాడ్రా?”

వెంకన్న నా పేరు చెప్పలేదు. తల దించుకున్నాడు. పట్టకారుతో అతని ముంజేతి మీద కొట్టారు. చర్మం పట్టకారుకు అంటుకుని వచ్చింది. గదిలో మాంసం కాలిన వాసన.

“నేనే దాచమన్నాను!” అని అరిచాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. సీసా ఎత్తి గోడకేసి కొట్టారు. గాజు పెంకులు, వాటి మధ్య మంచులా పోగులు. అవి ఒంట్లో గుచ్చుకుంటే కంటికి కనబడవు, నొప్పి మాత్రం రోజుల తరబడి ఉంటుంది. నేలంతా నేనే ఊడ్చాను.

ఆస్పత్రిలో వెంకన్న చేతికి తెల్లటి మందు రాస్తుంటే, పళ్లు బిగబట్టుకుని, “నాకూ పూతేశారండీ. బలమేమన్నా పెరుగుద్దేమో చూద్దారండి,” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ప్రిన్సిపాలుకు ఫిర్యాదు రాసిచ్చాను. ఆయన వెంకన్నను పిలిచి అడిగితే, “కొలిమి దగ్గర కాలు జారిందండీ,” అన్నాడు. అతనికి ఉద్యోగం పర్మనెంటు కావాల్సిన ఏడాది అది. కారణం తెలుసు. కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఢిల్లీ నుంచి ప్రాజెక్టు కమిటీ వచ్చిన రోజున సార్ తెల్లచొక్కా వేసుకొచ్చారు. చేతులు కిందికి దించి బొత్తాలు పెట్టుకోవడం ఆ ఒక్కరోజే చూశాను. సెమినార్ హాల్లో తెర మీద ఒక్కొక్క అంకెనూ వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడారు. వాళ్ల నాన్న గురించి ఒక్క ముక్క చెప్పకపోయినా, ఆ మాటలన్నీ వాళ్ల నాన్నతోనే చెబుతున్నట్టుంది. కమిటీలో ఒక తెలుగు పెద్దాయన చెయ్యెత్తారు.

“పూత కాల్చాక పోగులు అతుక్కోవా? విడదీసేటప్పుడు విరగవా?”

“మా పిల్లల చేతులు చాలా సున్నితమండీ,” అన్నారు సార్.

నేను వెనక వరసలో కూర్చున్నాను. లేచాను.

“విరుగుతాయండీ. చాలా విరుగుతాయి. విరిగినవి ఈ లెక్కలో లేవు.”

“కూర్చోమ్మా,” అన్నారు సార్.

“పూత మందం పెరిగేకొద్దీ ఎక్కువ విరుగుతాయి. గట్టివే మిగులుతాయి. మిగిలినవాటి సగటు పెద్దదే వస్తుంది కదండీ.”

పెద్దాయన కలం తీసి ఏదో రాసుకున్నారు. సార్ తరువాతి స్లైడు పెట్టారు. అది తలకిందులుగా పడింది.

కమిటీని భోజనాలకు తీసుకెళ్లారు. నేను ల్యాబుకు వెళ్లి నా బల్ల ముందు కూర్చున్నాను. ఆ వేసవంతా అంటించిన అట్టలు బల్ల మీద వరసగా ఉన్నాయి. సార్ వచ్చారు. నల్లగుడ్డ అంచు పట్టుకుని లాగేశారు. అట్టలన్నీ నేలపాలు. చెప్పుకాలితో తొక్కారు. ఒక్కోటీ విరుగుతున్న చప్పుడు సన్నగా వినబడుతూనే ఉంది. నేను వంగి ఏరుకోబోతూ బల్ల మీద చెయ్యి ఆనించాను. బల్ల మీది స్టీలు స్కేలు తీసుకుని, దాని అంచుతో నా వేళ్ల మీద కొట్టారు. ఆగకుండా మళ్లీ కొట్టారు.

“ఈ వేళ్లు చూసే కదే నిన్ను తీసుకుంది! ఈ వేళ్లు చూసే కదే!”

ఆ క్షణంలో నేను ఆయనకు గొప్పగా జవాబిచ్చానని తర్వాత కాలేజీలో చెప్పుకున్నారు. అదేమీ లేదు. ‘అమ్మా’ అన్నాను, అంతే. కుడిచేతి ఉంగరపు వేలు, దాని పక్క వేలు విరిగాయి. ఉంగరపు వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. అన్నం కలుపుకున్న ప్రతిసారీ నాకు ఆ స్కేలు గుర్తొస్తుంది.

మళ్లీ ఫిర్యాదు రాశాను, ఎడమ చేత్తో. ప్రిన్సిపాలుకు, యాజమాన్యానికి, ఢిల్లీకి. జవాబులు రాలేదు. మరుసటి ఏడాది ఇంకోసారి రాశాను. ఆ పై ఏడాది కూడా. మచిలీపట్నంలో పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వచ్చి అటు వెళ్లిపోయాను. ప్రాజెక్టు రిపోర్టులో నా పేరు లేదు.

ఆ తర్వాత ఆయన్ను ఒక్కసారే చూశాను, పెడన దాటాక బస్సులో. బాగా పెద్దవారయ్యారు. నిలబడ్డవాళ్ల మధ్య నుంచి తోసుకుని లోపలికి వచ్చారు. నా పక్క సీటు ఖాళీగా ఉంది. నన్ను చూశారు. తర్వాత ఒళ్లో ఉన్న నా కుడి చేతిని చూశారు. గుడివాడ దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చారు. ఎవరో “కూర్చోండి మాస్టారూ, సీటుంది కదా,” అంటే, “నోర్ముయ్యవయ్యా,” అని కసిరారు. ఆయన పక్కన కూర్చోవడానికి కూడా నేను పనికిరాలేదని ఆ రోజు లెక్కలో రాసుకున్నాను.

సంచికకు రాసేముందు ఒకసారి వెంకన్నను చూద్దామని గిలకలదిండి చేపల రేవుకు వెళ్లాను. రిటైరై, కొడుకు బోటు దగ్గరే ఉంటున్నాడు. ఐసు పెట్టెల నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ముంజేతి మీద పట్టకారు ఆకారం అలాగే ఉంది.

“మీరొస్తారని తెలుసండీ. సార్ మీద ఇంకో ఫిర్యాదు ఏమన్నా ఉందాండీ?” అన్నాడు.

“ఉంది. నువ్వప్పుడు జారిపడ్డానన్నావు.”

“ఇప్పుడేం చేస్తారండీ, నన్నూ కొడతారా?” అని నవ్వి, వల పక్కన పెట్టాడు. “మీకో సంగతి తెలీదనుకుంటానండీ. మీరెళ్లాక సార్ చాన్నాళ్లు ల్యాబు తాళం తీయలేదు. తీశాక మొత్తం పని మళ్లీ మొదట్నించీ చేయించారండీ. ఒక్క పోగు విరిగినా పారేయకూడదు. ఎక్కడ విరిగింది, పూత ఎంత మందం, అన్నీ రాయాల్సిందే. ఒక ఎమ్‌టెక్ అబ్బాయి విరిగిన పోగుని ఉఫ్‌మని ఊదేశాడండీ. చెంప మీద ఒక్కటిచ్చారు చూడండీ, చెవిలోంచి రక్తం వచ్చేసింది. ‘విరిగింది లెక్క కాదని ఎవడు చెప్పాడ్రా నీకు?’ అని అరుపు. చెప్పింది ఆయనే కదండీ మొదట! నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే మీరే గుర్తొచ్చారండీ.”

రేవులో ఎవరో చేపల పాట పాడుతున్నారు, ధర పెరుగుతోంది.

“నా పేరెత్తారా ఎప్పుడన్నా?”

“పేరు లేదండీ.” వెంకన్న గుర్తుతెచ్చుకున్నాడు. “ఆ విరిగినవి రాసేదాన్ని ఘంటసాల పద్ధతి అనేవారండీ. కొత్తగా ఎవరొచ్చినా ముందు అదే నేర్పేవారు. ‘ఘంటసాల పద్ధతిలో చేయండ్రా, లేకపోతే తోలు తీస్తా’ అని.”

నాకు పేరుంది. మా నాన్న పెట్టిన పేరు, సర్టిఫికెట్ల మీద ఉన్న పేరు. అది వదిలేసి ఊరి పేరు పెట్టారు. ఇంటికి వెళ్లేదాకా ఆ కోపం తగ్గలేదు. కోపమేనా అని నన్నడగొద్దు.

ఇంటికి చేరగానే సంచిక అబ్బాయికి ఫోన్ చేశాను.

“నీకు ఏ చెవి వినబడదు?”

“ఎడమదండీ. ఏం మేడమ్?”

“ఆ సంగతి సంచికలో రాస్తున్నావా?”

అతను గొంతు తగ్గించాడు. “వద్దండీ. ఆ పని వల్లే నాకు ఉద్యోగం వచ్చింది. పల్చటి పూత ఫర్వాలేదు, మందం పెరిగితే పోగు బలం పడిపోతుందని సార్ చివరికి ఒప్పుకున్నారు మేడమ్. మరీ గట్టిగా పట్టుకున్న పూతలో బీట పడితే ఆ బీట అక్కడితో ఆగదు, తిన్నగా పోగులోకి దిగుతుందని. ఆ వాక్యం రాసిన రోజు ఆయన భోజనం చేయలేదు. అది రాస్తున్నాను. చెవి సంగతి ఎందుకండీ? ఆయన మంచే గుర్తుండాలి కదా.”

“నా పేజీ అంతా వేలి గురించే ఉంది. వెంకన్న చెయ్యి కూడా ఉంది.”

“అవి తీసేసి మిగతాది వేద్దాం మేడమ్. మిగతాది బాగుంటుంది.”

“విరిగినవన్నీ కిందికి తోసేసి, మిగిలినవాటితో ఆయనకు సగటు కడుతున్నారన్నమాట. ఏ ల్యాబులో నేర్చుకున్నావు ఈ పని?”

ఈసారి వినబడే చెవితోనే విన్నాడని నాకు తెలుసు.

“వేస్తే అంతా వెయ్యి, లేకపోతే మానెయ్యి,” అన్నాను. “ఆయన బతికుండి ఈ సంచిక చూసి ఉంటే నీ రెండో చెవి కూడా మిగిలేది కాదు.”